మరదలి కాన్పుకి కెమెరా

మా తమ్ముడి భార్య ఏడో నెలలో ఉండగా ఒక మధ్యాహ్నం బొబ్బిలిలో నా ఫోటో స్టూడియోకి వచ్చింది. విజయనగరం నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. ఆ ఎండలో, ఆ కడుపుతో ఎందుకొచ్చావని కోప్పడి, ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. పాస్‌పోర్టు ఫోటోల కోసం కట్టిన నీలం తెర ముందు కూర్చుని నీళ్ళు తాగింది. గ్లాసు పక్కన పెట్టి, చాలాకాలంగా మనసులో అనుకుంటున్న మాటని బయటికి తీసినట్టు నిదానంగా అంది.

"వదినా, నా కాన్పుకి నువ్వు కెమెరా పట్టుకుని రావాల."

పుట్టిన బిడ్డకి ఫోటోలు తియ్యమంటోందనుకున్నాను. "రాకేటి? నాను కాక మరెవరు తీస్తారు?" అన్నాను.

"పుట్టినాక కాదు. పుడతన్నప్పుడు. లోపలికి రావాల."

నవ్వబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

"ఏటి తల్లీ ఆ మాట? కాన్పు గదిలో ఫోటోలేటి?"

"ఈసారి ఏటయినా సరే, నాను సూడాల వదినా. బతికినా, బతక్కపోయినా. మళ్ళీ నాకు మత్తు ఇచ్చీసి పట్టుకెళ్ళిపోనా, నీ కెమెరాలో ఉంటాది గదా."

అంతకు రెండేళ్ళ ముందు ఆమెకి మొదటి బిడ్డ కడుపులోనే పోయాడు. పుట్టిల్లు పొందూరు. వాళ్ళమ్మ ఇప్పటికీ ఇంటి ముందు గదిలో రాట్నం పెట్టుకుని ఖద్దరు నూలు వడుకుతుంది. తొలికాన్పుకని అక్కడికి వెళ్ళింది. నెలలు నిండబోతుండగా ఒక రోజు బిడ్డ కదలడం లేదని చెప్పింది. శ్రీకాకుళం తీసుకెళ్ళారు. గుండె కొట్టుకోవడం లేదన్నారు డాక్టర్లు. ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇలా జరుగుతుందన్నారు. నొప్పులు రావడానికి మందిచ్చి కాన్పు చేశారు. ఆ తర్వాత ఆమె మత్తులో ఉంది. బిడ్డని చూపిస్తే ఆ మొహం మరవడం జన్మలో ఆమె వల్ల కాదని పెద్దవాళ్ళు అనుకున్నారు. గుడ్డలో చుట్టి, మా తమ్ముడూ అతని మావగారూ పొందూరు తీసుకెళ్ళి, ఊరి చివర సమాధుల తోటలో పూడ్చి వచ్చారు. నేనప్పుడు పార్వతీపురంలో ఒక పెళ్ళి ఫోటోలు తీస్తున్నాను. కబురంది నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

ఆమె లేచి కూర్చున్నాక అందరినీ ఒకటే అడిగేది, ఎలా ఉన్నాడని. వాళ్ళమ్మ, "నాను సూడనేదమ్మా, గుడ్డ కప్పీసి ఉన్నాది" అంది. వాళ్ళ నాన్న, నీ పోలికే అన్నాడు. ఆస్పత్రిలో పనిచేసే ఒకావిడ, బంగారు బొమ్మలా ఉన్నాడంది. మా తమ్ముడిని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. రెండు మూడుసార్లు అలా వెళ్ళాక అతన్ని అడగడం మానేసింది.

"రోజుకో మొహం వస్తాది వదినా నిద్దట్లో," అంది ఆ మధ్యాహ్నం, నీలం తెర ముందు కూర్చుని. "ఏదీ ఆడిది కాదు. ఆడిది ఏదో నాకు తెలీదు."

సరే, డాక్టరమ్మని అడుగుతానన్నాను. అప్పటికి నాకు ధైర్యం ఉందని కాదు. వట్టి చేతులతో ఆమెని తిరిగి బస్సెక్కించలేకపోయాను.

ఫోటోలు తియ్యడం నాకు మా నాన్న నేర్పాడు. చర్చి పండగలకీ, బాప్తిస్మాలకీ ఆయనతో సంచి మోసుకుని తిరుగుతూ నేర్చుకున్నాను. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి గనక స్టూడియోకి వచ్చేది పాస్‌పోర్టు ఫోటోలవాళ్ళే. కాకపోతే పెళ్ళికూతుర్ని చేసేటప్పుడూ, ఓణీల ఫంక్షన్లకీ ఆడమనిషి తీస్తే బాగుంటుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను పిలుస్తారు. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండులో కొన్న పాత కెమెరా. దానితో వచ్చిన మామూలు లెన్సు ఒకటి, దగ్గరికీ దూరానికీ జరగని యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒకటి. గుడ్డి వెలుతురులో ఫోటో తియ్యాలంటే ఆ యాభై లెన్సే దిక్కు. దాని కన్ను బాగా తెరుచుకుంటుంది. లైటు స్టాండ్లూ గొడుగులూ ఉన్నాయి గాని అవి పెళ్ళి పందిట్లోకే పనికొస్తాయి.

మా తమ్ముడు విజయనగరంలో కోట దగ్గర్నించి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఆటో తోలతాడు. సంగతి అతనికి చెప్పాను. మావైపు అక్కని అప్ప అంటారు.

"పెళ్ళేటి అప్పా, ఫోటోలు తియ్యడానికి?" అన్నాడు. ఆటో తాళం జేబులో వేసుకుని, "దానికంత కావాలంటే తియ్యి. నన్ను మాత్రం సూడమనకు," అన్నాడు.

విజయనగరంలో వాళ్ళు చూపించుకునేది ఒక చిన్న నర్సింగ్ హోములో. అక్కడి డాక్టరమ్మ నాకన్నా పెద్దావిడ. ముందు వద్దంది. మొదటి బిడ్డ సంగతి ఆమెకి కాగితాల్లో తెలుసు గాని, మొహం చూడలేదన్న సంగతి తెలియదు. అది చెప్పాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫ్లాష్ వెయ్యకూడదు," అంది. "పుట్టిన బిడ్డ కళ్ళ మీద పడకూడదు, మా కళ్ళ మీద అసలే పడకూడదు. మీరు ఆమె తల వైపే నిలబడాలి. ఆకుపచ్చ గుడ్డలు క్రిములు చేరకుండా శుభ్రం చేసి పరిచినవి, వాటిని ముట్టుకోకండి. పిల్లని పెట్టే బల్లకీ తలుపుకీ మధ్యలోకి రాకండి. ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే మీరు బయటే. నేను వెళ్ళమంటే ఎందుకని అడగకుండా వెళ్ళిపోవాలి."

అన్నింటికీ తలూపాను. ఇంకొక్కటి అడిగాను, గది ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి చూడనివ్వమని. ఒప్పుకుంది.

గది చూడ్డానికి వెళ్ళిన రోజు మా మరదలు వాళ్ళమ్మ బిడ్డ కోసం సిద్ధం చేసిన తెల్లగుడ్డల్లో ఒకటి పట్టుకెళ్ళాను. ఆవిడ వడికిన నూలుతో నేసిన పంచె అది. పాతబడి మెత్తబడ్డాక చింపి, ఉతికి, మడత పెట్టింది. గది చిన్నది. గోడలకి సగం వరకూ లేత ఆకుపచ్చ రంగు. గరుకు అద్దాల కిటికీ ఒకటి, రెండు ట్యూబులైట్లు. మధ్యలో కాన్పు మంచం. గోడవారగా బిడ్డని వెచ్చగా ఉంచే బల్ల, దాని మీద ఎర్రగా కాలే కడ్డీ.

తెల్లగుడ్డని చుట్టి బిడ్డంత మూట చేసి మంచం మీద పెట్టాను. ముందు ఆ గుడ్డనే దగ్గర్నించి ఫోటో తీసి, ఇదే తెలుపు అని కెమెరాకి చెప్పాను. లేకపోతే ఆ పచ్చగోడల మధ్య అందరి మొహాలూ పసరు రంగులో పడతాయి. తర్వాత షట్టరు వేగం. ట్యూబులైటు మన కంటికి తెలియకుండా కరెంటు ఊపుకి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. సెకనులో వందో వంతు కంటే వేగంగా తీస్తే ఒక ఫోటో పచ్చగా, ఒకటి గులాబీగా, ఒకటి సగం చీకటిగా వస్తుంది. అంతకంటే బాగా నెమ్మదిగా తీస్తే చేతులు కదిలి అలుక్కుపోతాయి. వందో వంతు దగ్గరే పెట్టాను. లెన్సు కన్ను పూర్తిగా తెరిస్తే వెలుతురు బాగా వస్తుంది గాని, మూట అంచు తేటగా ఉంటే ముడి మసకగా ఉంది. రేపు ముక్కు కనిపించి కళ్ళు కనిపించకపోతే ఏం లాభం? అందుకని రెండు పాయింట్ ఎనిమిదికి మూశాను. తగ్గిన వెలుతురుకి ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతుర్ని కూడా కెమెరా పట్టుకునే లెక్క, పదహారు వందలకి పెంచాను. ఫోటోలో ఇసుక చల్లినట్టు నలుసులు కనిపిస్తాయి. కనిపించనీ అనుకున్నాను. కదిలిపోయిన ఫోటోని ఎవరూ బాగు చెయ్యలేరు, నలుసులున్న మొహం మొహంలాగే ఉంటుంది.

కెమెరా తనంతట తాను లెక్కలు వేసుకోకుండా అన్నీ నా చేతిలోకే తీసుకున్నాను. తెల్ల దుప్పటి కనిపిస్తే అది భయపడి ఫోటోని చీకటి చేస్తుంది, ముదురు గుడ్డ కనిపిస్తే వెలిసిపోయేలా చేస్తుంది. ఫోకస్ దొరికినప్పుడు వచ్చే కూత తీసేశాను. చీకట్లో ఫోకస్ కోసం ముందు వెలిగే చిన్న దీపం మీద నర్సు దగ్గర ప్లాస్టరు ముక్క అడిగి అంటించాను. షట్టరు చప్పుడు తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంది, చక్రాన్ని దాని మీదకి తిప్పాను. ఎర్రకడ్డీ కింద వెలుతురు ఎక్కువ గనక అక్కడికి ఐఎస్ఓ సగం చాలు. మంచం నుంచి బల్లకి తిరిగేటప్పుడు కన్ను తియ్యకుండా ఆ ఒక్క మార్పూ చెయ్యడం వేళ్ళకి అలవాటయ్యే దాకా చేశాను.

"ఆ గుడ్డమూటకి ఎన్ని ఫోటోలమ్మా?" అని నర్సు నవ్వింది.

ఈ మధ్య ఒకరిద్దరు ఫోటోగ్రాఫర్లు నన్నడిగారు, ఇలాంటి చోట కెమెరాలో ఏం పెట్టుకోవాలని. ఈ అంకెలే చెప్పాను. కాని ముందు ఆ తల్లితో మాట్లాడమన్నాను. ఏది తియ్యాలో, ఏది వద్దో ఆమె చెప్పాలి. మా మరదలు చెప్పింది నాకు బాగా సాయపడింది.

"నాను లేచి కూకుంటే నాకేటి కనపడతాదో అదే తియ్యి," అంది. "ఇంకెవరికో కనపడేది నాకొద్దు."

నొప్పులు మొదలైన రోజు పొద్దుటినుంచే ముసురు. తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, వచ్చీసినాయి. బేగి రా," అన్నాడు. మొదటి బస్సెక్కాను. దారంతా కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఆలోచించాను. ఈ బిడ్డ కూడా కదలకుండా వస్తే నేను ఆ బటను నొక్కగలనా? మాటిచ్చాను గనక నొక్కాలి. నొక్కగలనని మాత్రం అనిపించలేదు.

నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ కాన్పు గది తలుపు ముందు నిలబడి ఉంది, తెల్లగుడ్డలు గుండెకి హత్తుకుని. నన్నూ నా భుజాన ఉన్న సంచినీ చూసింది.

"నీకు దణ్ణం పెడతాను పిల్లా. ఆ మిషను లోపలికొద్దు. ఒకసారి అయినాది సాలదేటి? దాని కన్ను పడీసి ఏటయినా అయితే?"

"నాకు మాత్రం భయం నేదేటి అత్తా? అడిగింది నీ కూతురు," అన్నాను.

లోపల్నించి మా మరదలు విన్నట్టుంది. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికిన ఊపిరితో, "అమ్మా, రానీ," అంది.

ఆవిడ పక్కకి జరిగింది. నేను లోపలికి అడుగుపెట్టబోతుంటే గుడ్డలు నా చేతిలో పెట్టి, "అయితే ఇయ్యి కూడా పట్టుకెళ్ళు. ఉతికినవే," అంది.

చేతులు కడిగించి, టోపీ, మాస్కు పెట్టించారు. కెమెరాని స్పిరిటుతో తుడిచాను. ముసురు వల్ల కిటికీ నుంచి వెలుతురు సగం కూడా రావడం లేదు. నేను నేర్చుకున్న అంకెతో తీసి చూస్తే ఫోటో నల్లగా ఉంది. ఐఎస్ఓ ఇంకో మెట్టు పెంచి, ఆమె తల వైపు గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. యాభై లెన్సు దగ్గరివాటిని మరీ దగ్గర చేస్తుంది, వెనక్కి జరగడానికి ఇక చోటు లేదు. అందుకని మొత్తం గది ఎలాగూ పట్టదు. చేతులే తీశాను. మంచం కమ్మీని పట్టుకున్న ఆమె చేతి వేళ్ళు, నుదురు తుడుస్తున్న నర్సు చెయ్యి, మాస్కు మీద డాక్టరమ్మ కళ్ళు.

చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నేను తక్కువే తీశాను. ఎక్కువసేపు ఒక చేత్తో కెమెరా పట్టుకుని, రెండో చెయ్యి ఆమె తల మీద వేసి నిలబడ్డాను. ఆమె అరవలేదు. పళ్ళ మధ్య నుంచి దేవుణ్ణి పిలిచింది, వాళ్ళమ్మని పిలిచింది.

బిడ్డ తల బయటికి వచ్చినప్పుడు డాక్టరమ్మ, "ఆగమ్మా, ముక్కకు," అంది. బొడ్డుతాడు మెడకి చుట్టుకుంది. ఆమె వేళ్ళు దాన్ని వదులు చెయ్యడం చూశాను. ఆ తర్వాత బిడ్డ ఒక్కసారిగా వచ్చేసింది.

ఏడవలేదు.

ఒళ్ళంతా నీలంగా, చేతులు రెండూ తడిగుడ్డల్లా వేలాడుతూ ఉంది. డాక్టరమ్మ తాడు కోసి బిడ్డని నర్సు చేతికిచ్చింది. నర్సు బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పిల్లల డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ వంగారు. మంచం మీద నుంచి చూస్తే వాళ్ళ వీపులు తప్ప ఇంకేమీ కనిపించవు.

"ఏడవనేదేటి?" అంది మా మరదలు.

నర్సు ఇంకో గుడ్డ అందుకుంది.

"వదినా, ఏడవనేదేటి?"

"సూస్తన్నారు తల్లీ," అన్నాను. గోడవారగా రెండడుగులు జరిగితే నాకు వాళ్ళ భుజాల మధ్య నుంచి బల్ల కనిపించింది. వేళ్ళు వాటంతట అవే అంకె మార్చాయి. కన్ను కెమెరాకి ఆనించాను. కడ్డీ వెలుతురులో బిడ్డ మొహం. మూసుకున్న కళ్ళు, నుదుటికి అతుక్కున్న జుట్టు, చిన్న ముక్కు. పిల్లల డాక్టరు చేతిలో గాలి కొట్టే రబ్బరు బుడ్డి. నర్సు గుడ్డతో ఆ చిన్న వీపు రుద్దుతోంది. నేను నొక్కాను. నొక్కగలనా అని దారంతా అనుకున్నదాన్ని, నొక్కాను. కన్ను ఆనించుకోవడానికి ఆ కెమెరా లేకపోతే గదిలోంచి పారిపోయేదాన్నేమో.

"వదినా, తీస్తన్నావా?"

"తీస్తన్నాను."

"నాకు ఇనిపించడం నేదు. ఆపీసినావు నువ్వు."

షట్టరు చప్పుడు తగ్గించి పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. చక్రాన్ని వెనక్కి తిప్పాను. మళ్ళీ నొక్కాను. పాత కెమెరా గదా, పెద్దగానే మోగింది. డాక్టరమ్మ తలెత్తి నావైపు చూసింది. పొమ్మంటుందనుకున్నాను. మా మరదలు కళ్ళు మూసుకుని, "ఇనిపించింది," అంది. "ఆపకు."

నేను ఆపలేదు. బిడ్డ బాగుంది అనలేను, బాగులేదు అనలేను. ఒక్కో ఫోటోకి ఆ చప్పుడు ఆమెకి వినిపించేలా తీస్తూ ఉన్నాను. ఆమె పెదాలు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కో నాకు తెలియదు.

తర్వాత ఒక రోజు డాక్టరమ్మ నాతో అంది. "ఆ చప్పుడు ఆపమని నోటిదాకా వచ్చింది. అప్పటిదాకా నా చెయ్యి విరిగేలా పట్టుకుంది మీ మరదలు. అది వినిపించగానే వదిలింది. మాయ తీసే పని నేను చేసుకోగలిగాను. అందుకే ఊరుకున్నాను."

ముందు తుమ్ములాంటి చప్పుడు వచ్చింది. పిల్లల డాక్టరు, "ఊఁ, రా," అన్నాడు మెల్లగా. ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత సన్నగా, తెగుతూ తెగుతూ ఏడుపు. అది పెరిగి గదంతా నిండింది. నీలం పోయి, అంచుల నుంచి ఎరుపు రావడం నేను లెన్సులోంచి చూశాను.

"ఆడపిల్లమ్మా," అంది నర్సు.

మా మరదలు అప్పుడు కూడా ఏడవలేదు. "తీసినావా?" అని అడిగింది. తీశానన్నాను. బిడ్డని అమ్మమ్మ పంపిన గుడ్డలో చుట్టి ఆమె గుండెల మీద పడుకోబెట్టారు. ఆ ఫోటోలు తియ్యడానికి కెమెరా ఎత్తాను గాని నాకేమీ తేటగా కనిపించలేదు. ఉన్నవాటిలో ముఖ్యమైనవని అందరూ అనుకునే ఆ మూడు నాలుగు ఫోటోలూ మసకగానే వచ్చాయి.

బయట వాళ్ళమ్మ, బిడ్డ ఏడుపు విని, నేల మీదే కూర్చుని చేతులు జోడించింది. మా తమ్ముడు వరండా చివర గోడకి తల ఆనించి నిలబడి ఉన్నాడు. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని చెప్తే తలూపాడు. కొంతసేపటిదాకా ఇటు తిరగలేదు.

కొన్నాళ్ళు బిడ్డని కనిపెట్టి చూసి, భయం లేదని ఇంటికి పంపారు. నేను బొబ్బిలి వచ్చి ఫోటోలు కంప్యూటర్లో వేసుకున్నాను. చాలావాటిలో నర్సు మోచెయ్యి అడ్డం వచ్చింది. కొన్ని కడ్డీ వెలుతురుకి మరీ ఎర్రబడ్డాయి. బిడ్డ ఏడవకముందువి ఒక వైపు, ఏడ్చాక తీసినవి ఒక వైపు పెట్టాను. ఇప్పుడు పిల్ల పాలు తాగుతూ బాగుంది గదా, ఆ మొదటివి ఎందుకివ్వడం అనిపించింది. కాని అడిగింది అవే. ఏదీ తీసెయ్యకుండా అన్నీ పట్టుకెళ్ళాను.

నెల దాటింది అప్పటికి. విజయనగరంలో వాళ్ళింట్లో మంచం మీద ల్యాప్‌టాప్ తెరిచాను. వాళ్ళమ్మ కింద కూర్చుని పిల్లని కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తోంది. మా మరదలు గబగబా నొక్కుకుంటూ వెళ్ళింది. చేతులవి చూసి, "ఇది నా సెయ్యేనా?" అంది. మసకగా వచ్చిన వాటి దగ్గర కూడా ఆగలేదు. వెనక్కి వచ్చి ఒకదాని దగ్గర ఆగింది. కడ్డీ కింద, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉన్న బిడ్డ. రబ్బరు బుడ్డి పక్కకి తీసిన క్షణంలో మొహం మొత్తం కనిపించింది అందులో.

"ఇది ఏడవకముందా వదినా?"

"అవును."

ఆమె తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"ఇలగే ఉండుంటాడు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్ళమ్మకి అయింది. నూనె చేతిని గాల్లో ఆపి, "అలాటి మాట అనకే. ఇది బతికున్న బిడ్డ," అంది.

"తెలుసమ్మా. ఇది ఇదే, ఆడు ఆడే. నాకు ఒక పోలిక కావాల. అంతే."

అప్పుడే మా తమ్ముడు ఆటో పెట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. అతను చూడనన్నాడని నాకు గుర్తుంది. మూసేద్దామని చెయ్యి చాపాను. అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మంచం వెనక నిలబడి తెర వైపు చూశాడు.

"ముక్కు ఇదే," అన్నాడు.

మా మరదలు తలతిప్పి అతన్ని చూసింది.

"జుట్టు దీనికన్నా ఎక్కువ ఆడికి. నుదురు మీదకి ఉన్నాది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "గుడ్డలో సుట్టినప్పుడు ఒక సెవి మడత పడిపోనాది. నొప్పెడతాదని నాను సరిసేసినాను."

ఇంక అతని వల్ల కాలేదు. మంచం అంచున కూర్చున్నాడు. మా మరదలు ల్యాప్‌టాప్ పక్కకి నెట్టి అతని చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే అడిగింది, వేళ్ళు పొడుగా, రంగేటి, కళ్ళు పూర్తిగా మూసుకుని ఉన్నాయా అని. అడిగినవన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. మధ్యలో వాళ్ళమ్మ కింద నుంచి, తలెత్తకుండా అంది.

"గెడ్డం మీద నొక్కు ఉన్నాది. నానూ సూసినానమ్మా. సూడనేదని అబద్ధమాడినాను."

ఆవిడ కాళ్ళ మీద నుంచి పిల్లని నేను తీసుకున్నాను. నూనె ఒంటితో జారిపోతోంది. దాన్ని గుడ్డలో చుట్టుకుని వెనక పెరట్లోకి వెళ్ళి, లోపల వాళ్ళ మాటలు ఆగేదాకా అక్కడే తిరిగాను. ఇన్నాళ్ళూ ఆ బిడ్డని ముగ్గురూ విడివిడిగా మోశారని, ఒకరికొకరు చూపించుకోలేదని అప్పుడు నాకు తెలిసింది.

ఆ ఒక్క ఫోటోనీ చిన్న సైజులో ప్రింటు వెయ్యమంది. నీలం తగ్గించి కొంచెం తేట చెయ్యనా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. వేసిచ్చాను. దాన్ని ఎక్కడ పెట్టుకుందో నేను అడగలేదు. గోడ మీద మాత్రం లేదు.

పిల్లకి మూడో నెలలో అమ్మమ్మ ఇంటికి పొందూరు తీసుకెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. మర్నాడు పొద్దున్న మా తమ్ముడు భార్యతో, "పద, సూపిస్తాను," అన్నాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. చెప్పులు వేసుకుంది. పూడ్చిన రోజు నుంచి అప్పటిదాకా ఆమెని అక్కడికి ఎవరూ తీసుకెళ్ళలేదు. పిల్లని ఎత్తుకుని, గొడుగు పట్టుకుని నేను వెనక నడిచాను.

సమాధుల తోటలో పెద్దవాళ్ళ సమాధులకి సిలువలూ, పేర్లూ ఉన్నాయి. పసిపిల్లలవి గోడవారగా ఉత్త మట్టి. వానలకి గడ్డీ, ముళ్ళమొక్కలూ మోకాలెత్తు పెరిగాయి. మా తమ్ముడు గోడ వెంట నడుస్తూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వెతికాడు. ఒకచోట రాయిని కాలితో కదిపి చూసి, "ఇక్కడే," అన్నాడు. గుర్తుకని ఆ రోజు తనే పెట్టాడట.

ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గొంతుక్కూర్చుంది. తడి మట్టి మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. పెదాలు కదిలాయి గాని నాకేమీ వినిపించలేదు. అతను పక్కన కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టాడు.

పిల్ల లేచి ఆకలికి ఏడ్చింది. మా మరదలు చెయ్యి కొంగుకి తుడుచుకుని లేచి వచ్చి నా దగ్గర్నించి తీసుకుంది. గోడ వైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. నేను వాళ్ళిద్దరి మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. వెనకాల మా తమ్ముడు ముళ్ళమొక్కలు వేళ్ళతో సహా పెకలించి ఒక పక్కకి కుప్ప వేస్తున్నాడు.